జర్మనీలో పాత బాంబు దొరికింది, రైళ్లు ఆగిపోయాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువు కోసమో ఉద్యోగం కోసమో జర్మనీ వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా రైలు రద్దయిందని బోర్డు మీద పడుతుంది. పక్కవాళ్లని అడిగితే, "యుద్ధం నాటి బాంబు దొరికిందట" అని మామూలుగా చెప్పి ఫోన్ చూసుకుంటారు. మనకేమో గుండె ఝల్లుమంటుంది. ఇంటి దగ్గర టీవీలో "జర్మనీలో బాంబు కలకలం" అని స్క్రోలింగ్ చూసిన అమ్మానాన్నలు అప్పటికే ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇది టెర్రరిస్టుల పనా?

కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి వేసినప్పుడు పేలకుండా నేలలోకి దిగిపోయిన బాంబు అది. మిమ్మల్ని లక్ష్యంగా పెట్టుకుని ఎవరూ ఏమీ చేయలేదు. ఇలాంటి పేలని బాంబుని ఇక్కడ 'బ్లిండ్‌గెంగర్' అంటారు. వార్తల్లో ఈ మాటో, 'బాంబెన్‌ఫుండ్' అనే మాటో కనిపిస్తే సంగతి ఇదేనని తెలుసుకోండి.

యుద్ధం ముగిసి 80 ఏళ్లు దాటింది. ఇంకా ఎలా మిగిలాయి?

అంత ఎక్కువగా వేశారు కాబట్టి. అమెరికా, బ్రిటన్ విమానాలు యూరప్ మీద సుమారు 27 లక్షల టన్నుల బాంబులు వేశాయి. అందులో దాదాపు సగం పడింది జర్మనీ మీదే. వేసిన ప్రతి పదింటిలో కనీసం ఒకటి పేలలేదని అంచనా. కొన్నిటికి ఫ్యూజ్, అంటే బాంబుని పేల్చే పరికరం, పనిచేయలేదు. కొన్ని మెత్తటి నేలలోకో బురదలోకో దిగిపోయాయి. యుద్ధం అయిపోయాక జనానికి తలదాచుకోవడానికి ఇళ్లు కావాలి. శిథిలాలతో గుంతలు పూడ్చి, వాటి మీదే ఊళ్లు కట్టేశారు. అడుగున ఏముందో వెతికే తీరిక అప్పుడు ఎవరికుంది?

బాంబులు, ఫిరంగి గుండ్లు, గ్రెనేడ్లు అన్నీ కలిపి జర్మనీలో ఇప్పటికీ ఏటా 2,000 టన్నులకు పైగా మందుగుండు బయటపడుతోంది.

ఇన్నేళ్లలో తుప్పు పట్టి పనికిరాకుండా పోయి ఉండదా?

అందరూ పొరబడేది ఇక్కడే. పైన ఉక్కు తుప్పు పడుతుంది గానీ లోపలి పేలుడు పదార్థం ఎన్నేళ్లయినా బలం కోల్పోదు. కొన్ని రకాల బాంబులైతే ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ప్రమాదకరంగా మారతాయి.

వీటిలో అన్నిటికంటే భయపెట్టేది రసాయన ఫ్యూజ్ ఉన్న బాంబు. ఆ ఫ్యూజ్ బాంబు తోక భాగంలో ఉంటుంది. అందులో చిన్న గాజు గొట్టం, దాని నిండా ఎసిటోన్ అనే ద్రావకం. దాని కింద సెల్యులాయిడ్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన పలచని బిళ్లలు ఉంటాయి, స్ప్రింగ్‌తో బిగించిన సూదిని అవి ఆపి ఉంచుతాయి. బాంబు కిందికి పడుతున్నప్పుడు వెనక ఉన్న చిన్న ఫ్యాన్ తిరిగి, మర బిగుసుకుని గాజు గొట్టాన్ని పగలగొడుతుంది. ఎసిటోన్ చుక్క చుక్కగా కారి బిళ్లలని మెత్తబరుస్తుంది. బిళ్లలు కరిగాక సూది విడుదలై బాంబు పేలుతుంది. ఇదంతా జరగడానికి గంట పట్టేలా కూడా చేయొచ్చు, 144 గంటలు పట్టేలా కూడా చేయొచ్చు. విమానాలు వెళ్లిపోయాయనుకుని ఆర్పడానికి, బాగుచేయడానికి, శిథిలాల కింద ఉన్నవాళ్లని లాగడానికి జనం వచ్చాక పేలాలన్నదే అందులోని ఆలోచన. యుద్ధంలో ఏ పక్షం న్యాయమైనదన్న చర్చ ఎలా ఉన్నా, ఈ పరికరాన్ని తలచుకుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

బాంబు నేలలోకి దూసుకెళ్లి, కింద గట్టి పొర తగిలి, ముక్కు పైకి తిరిగి ఆగిపోతే ఎసిటోన్ బిళ్లల మీద పడకుండా అటువైపుకి కారిపోతుంది. బాంబు పేలదు. కానీ బిళ్లలు పెళుసుబారుతూనే ఉంటాయి. బెర్లిన్‌కి ఉత్తరాన ఉన్న ఒరానియన్‌బర్గ్‌లో నేల స్వభావం సరిగ్గా ఇలాంటిదే. పైన మెత్తటి ఇసుక, కింద గట్టి పొర. 1945 మార్చి 15న అమెరికన్ విమానాలు ఆ చిన్న ఊరి మీద వేల బాంబులు వేశాయి, వాటిలో ఇలాంటి ఫ్యూజ్‌వి చాలా ఉన్నాయి. 1990 తర్వాత ఆ ఒక్క ఊళ్లోనే 200కు పైగా బాంబులు తీశారు. ఇంకా తీస్తూనే ఉన్నారు.

ఎవరూ ముట్టుకోకుండానే పేలిన సందర్భాలూ ఉన్నాయి. 2019 జూన్‌లో లింబర్గ్ దగ్గర ఆల్‌బాఖ్ అనే ఊరి పక్క పొలంలో తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో పెద్ద శబ్దం వచ్చింది. చూస్తే పంట మధ్యలో పది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతు గొయ్యి. ఆ వేళ పొలంలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మరి ఇప్పుడెందుకు బయటపడుతున్నాయి?

తవ్వకాల వల్ల. కొత్త అపార్ట్‌మెంట్, మెట్రో లైన్, ఇంటర్నెట్ కేబుల్, వంతెన, ఏ పని మొదలుపెట్టినా నేల తవ్వాలి కదా. అందుకే యుద్ధంలో బాంబులు పడిన ప్రాంతాల్లో నిర్మాణానికి ముందే తనిఖీ చేస్తారు. దానికి యుద్ధకాలంలో అమెరికా, బ్రిటన్ నిఘా విమానాలు తీసిన ఫొటోలే ఆధారం. తమ బాంబులు ఎక్కడ పడ్డాయో చూసుకోవడానికి వాళ్లు తీసుకున్న ఫొటోల్ని ఇప్పుడు జర్మన్ నిపుణులు భూతద్దం పెట్టి చదువుతున్నారు. పేలిన బాంబు పెద్ద గొయ్యి చేస్తుంది. పేలనిది చిన్న చుక్కంత రంధ్రం మాత్రమే వదులుతుంది. ఆ చుక్క ఉన్నచోట వరసగా బోర్లు వేసి, లోపలికి అయస్కాంత పరికరం దించి ఇనుము ఉందేమో చూస్తారు.

కొన్నిసార్లు నదులే బయటపెడతాయి. 2011 చివర్లో రైన్ నదిలో నీళ్లు బాగా తగ్గినప్పుడు కోబ్లెంజ్ దగ్గర 1.8 టన్నుల బాంబు కనిపించింది. 45,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు.

బాంబు ఎక్కడో ఉంటే నా రైలు ఎందుకు ఆపుతారు?

బాంబు బరువుని, ఫ్యూజ్ రకాన్ని బట్టి ఇంత దూరం వరకు ఎవరూ ఉండకూడదని ఒక వృత్తం గీస్తారు. అది 300 మీటర్లు కావచ్చు, కిలోమీటరు కావచ్చు, అంతకంటే ఎక్కువ కూడా కావచ్చు. ఊరి నడిబొడ్డున అంత వృత్తం గీస్తే అందులో స్టేషను, వంతెన, ఆస్పత్రి ఏదో ఒకటి పడక తప్పదు. యుద్ధంలో స్టేషన్లు, రేవులు, వంతెనల మీదే గురిపెట్టి వేశారు కాబట్టి దొరికేవీ ఎక్కువగా వాటి చుట్టుపక్కలే.

2025 జూన్ 4న కొలోన్‌లో జరిగింది చూడండి. రైన్ నదికి అటువైపు డాయిట్జ్‌లో మూడు అమెరికన్ బాంబులు దొరికాయి. సుమారు 20,500 మందిని ఖాళీ చేయించారు, యుద్ధం తర్వాత ఆ నగరంలో అదే అతి పెద్ద తరలింపు. మూడు వంతెనలు, డాయిట్జ్ స్టేషను, 58 హోటళ్లు, ఒక ఆస్పత్రి, వృద్ధాశ్రమాలు, పాత నగరంలోని టౌన్‌హాలు కూడా ఆ వృత్తంలోకి వచ్చాయి. ఆ రోజు టౌన్‌హాల్లో జరగాల్సిన పెళ్లిళ్లని వేరే చోటికి మార్చారు. ఆ మూడింటిలో రైళ్లు వెళ్లే హోహెన్‌జోలర్న్ వంతెన మూసేస్తే పశ్చిమ జర్మనీ రైళ్లన్నీ అస్తవ్యస్తం అయిపోతాయి. కాబట్టి మీరు హాంబర్గ్‌లో ఉన్నా మీ రైలు ఆలస్యం కావచ్చు.

అదే ఏడాది మార్చి 7న పారిస్‌లోనూ ఇంతే. గార్ దు నోర్ స్టేషన్‌కి వెళ్లే పట్టాల పక్కన, సెంట్ డెనిస్ దగ్గర, తెల్లవారుజామున పనివాళ్లు తవ్వుతుంటే అర టన్ను బాంబు బయటపడింది. ఆ రోజంతా ఆ స్టేషన్‌లో యూరోస్టార్ రైళ్లు తిరగలేదు. లండన్ వెళ్లాల్సినవాళ్లు సూట్‌కేసులు పట్టుకుని స్టేషన్ బయట నిలబడిపోయారు.

రైలు టికెట్ డబ్బు తిరిగి వస్తుందా?

గమ్యానికి గంట లేదా ఆపైన ఆలస్యం అవుతుందని తేలాక ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు అడగొచ్చు. వెళ్లాల్సిందే అనుకుంటే, 20 నిమిషాలకు మించి ఆలస్యం అయ్యేలా ఉంటే ఆ ఒక్క రైలుకే పరిమితమైన చౌక టికెట్‌తో కూడా వేరే రైలు ఎక్కొచ్చు. ఆలస్యానికి ఇచ్చే నష్టపరిహారం మాత్రం రాకపోవచ్చు. రైల్వే చేతిలో లేని అసాధారణ పరిస్థితులకి యూరప్ నిబంధనల్లో మినహాయింపు ఉంది. అయినా ఫారం నింపి పంపండి, పోయేదేమీ లేదు.

విద్యార్థులకి ఒక హెచ్చరిక. లోకల్ రైళ్లకి పనికొచ్చే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ చేతిలో ఉంది, లోకల్ రైలు రద్దయింది కదా అని వేగంగా వెళ్లే దూరప్రయాణ రైలు ఐసీఈ ఎక్కేయకండి. ఆ టికెట్‌కి ఈ వెసులుబాటు వర్తించదు.

ఫ్లైట్ మిస్ అయితే?

రైలు, విమానం ఒకే బుకింగ్‌లో ఉంటే తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. విడివిడిగా కొనుక్కుంటే ఆ నష్టం మీదే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ వెళ్లడానికి ఏడాదంతా పొదుపు చేసి టికెట్ కొనుక్కుని, ఎయిర్‌పోర్టుకి మాత్రం ఆఖరి నిమిషంలో చేరే రైలు పెట్టుకునేవాళ్లు మనలో చాలామంది. ఇండియా ప్రయాణమైతే కనీసం నాలుగైదు గంటలు ముందు చేరే రైలు చూసుకోండి. ఎయిర్‌పోర్టే మూతపడి విమానం రద్దయితే వేరే విమానమో, పూర్తి డబ్బో మీ హక్కు. ఆగిపోయినంతసేపు భోజనం, రాత్రి అయితే హోటల్ కూడా ఎయిర్‌లైన్సే చూడాలి. నష్టపరిహారం మాత్రం ఇక్కడా రాదు.

ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఏం చేయాలి?

ముందుగా తెలిసే తరలింపు అయితే ఒకట్రెండు రోజుల ముందే కాగితం వస్తుంది, ఫోన్‌కి హెచ్చరిక వస్తుంది. 'నీనా' అనే ప్రభుత్వ యాప్ పెట్టుకుంటే మీ వీధి ఆ వృత్తంలో ఉందో లేదో తెలుస్తుంది. అప్పటికప్పుడు దొరికిన బాంబు అయితే నగరపాలక సిబ్బంది నేరుగా తలుపు కొడతారు. మీకు గంట కూడా టైం ఉండకపోవచ్చు.

పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు, రోజూ వేసుకునే మందులు, చార్జర్, పిల్లలుంటే పాలు, డైపర్లు, ఒక జత బట్టలు, కాస్త తిండి తీసుకోండి. స్టవ్ ఆపండి. సాయంత్రానికల్లా వచ్చేస్తాంలే అనుకోకండి, అర్ధరాత్రి దాటిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎక్కడికీ వెళ్లే దిక్కు లేకపోతే ఏదో ఒక స్కూల్లోనో స్పోర్ట్స్ హాల్లోనో కూర్చోవడానికి చోటు ఇస్తారు, అది ఉచితం. నడవలేనివాళ్లు ఇంట్లో ఉంటే కాగితం మీద ఇచ్చిన నంబర్‌కి ముందే ఫోన్ చేయండి, అంబులెన్స్ పంపుతారు.

పై అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ తలుపు కూడా ఒకసారి కొట్టండి. ఆ బాంబులు పడుతున్నప్పుడు చిన్నపిల్లలుగా సెల్లార్లలో దాక్కున్నవాళ్లు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు. సైరన్ వింటే వాళ్ల మొహాలు మారిపోతాయి.

నేను కదలను, ఇంట్లోనే తలుపేసుకుని ఉంటానంటే?

దయచేసి అలా చేయకండి. చివరి మనిషి బయటికి వచ్చాడని తేలేదాకా నిపుణులు బాంబు మీద చేయి వేయరు. హెలికాప్టర్ తిప్పి, వేడిని పసిగట్టే కెమెరాతో మరీ వెతుకుతారు. కొలోన్‌లో ఒక్క మనిషి పాత నగరంలోని ఫ్లాట్ వదిలి రానన్నందుకు పని ఆలస్యమైంది. ఆ ఒక్కరి కోసం వేలమంది ఎదురుచూడాల్సి వచ్చింది. పోలీసులు బలవంతంగా బయటికి తీసుకురావచ్చు, జరిమానా కూడా పడొచ్చు. జరిమానా సంగతి అటుంచితే, అది పక్కవాళ్లకి చేసే అన్యాయం.

బాంబుని ఏం చేస్తారు?

వీలైతే ఫ్యూజ్ విప్పేస్తారు. దూరం నుంచి తిప్పే పరికరాలు ఉన్నాయి, ఇసుక కలిపిన నీటి ధారతో ఉక్కుని కోసే యంత్రాలూ ఉన్నాయి. అయినా చాలాసార్లు మనిషి దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, తుప్పు పట్టిన మరకి నూనె రాసి తిప్పాల్సిందే.

విప్పడానికి కుదరకపోతే అక్కడే పేల్చేస్తారు. 2012 ఆగస్టులో మ్యూనిక్‌లోని ష్వాబింగ్‌లో 250 కిలోల బాంబుని అలాగే పేల్చారు. పేలుడు తీవ్రత తగ్గించడానికి కప్పిన గడ్డి అంటుకుని, నిప్పుతో ఎగిరి చుట్టుపక్కల ఇళ్ల మీద పడింది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 2021 ఫిబ్రవరిలో టన్ను బరువున్న జర్మన్ బాంబు చుట్టూ 400 టన్నుల ఇసుకతో గోడ కట్టి పేల్చినా ముక్కలు 250 మీటర్ల దాకా ఎగిరాయి. ఖాళీ చేయమన్నవాళ్లది చాదస్తం అనిపించినప్పుడు ఈ రెండు ఊళ్లని గుర్తు తెచ్చుకోండి.

ఇప్పటికీ ఎవరైనా చనిపోతున్నారా?

అరుదుగానే. కానీ చనిపోతున్నారు. 2010 జూన్ 1న గ్యోటింగెన్‌లో 500 కిలోల బాంబు, పని మొదలుపెట్టకముందే పేలిపోయింది. రసాయన ఫ్యూజ్. ఎన్నో బాంబులు నిర్వీర్యం చేసిన ముగ్గురు నిపుణులు అక్కడికక్కడే చనిపోయారు. చుట్టుపక్కల జనాన్ని అప్పటికే ఖాళీ చేయిస్తున్నారు. 2014 జనవరిలో ఆయిస్కిర్షెన్‌లో శిథిలాలు ఎత్తుతున్న ప్రొక్లెయిన్ డ్రైవర్ పేలుడులో ప్రాణం పోగొట్టుకున్నాడు. 2021 డిసెంబర్ 1న మ్యూనిక్‌లో రైల్వే లైను పనికి డ్రిల్లింగ్ చేస్తుంటే 250 కిలోల బాంబు పేలి నలుగురు గాయపడ్డారు.

"ఏమీ కాలేదు కదా, ఊరికే హడావుడి" అనే మాట వింటే నాకు బాధేస్తుంది. ఏమీ కాకుండా పోయిందంటే గ్యోటింగెన్‌లో పోయినవాళ్లలాంటి మనుషులు ఆ గోతిలోకి దిగుతున్నారు కాబట్టే.

ఈ ఖర్చంతా ఎవరిది?

ప్రధానంగా ప్రభుత్వానిది. పాత జర్మన్ సైన్యం మందుగుండు అయితే కేంద్రం, మిత్రదేశాల బాంబులైతే ఎక్కువగా రాష్ట్రాలు భరిస్తాయి.

ఇది జర్మనీ గోలేనా?

కాదు. లండన్ సిటీ ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న డాక్‌లో జర్మన్ బాంబు దొరికి, 2018 ఫిబ్రవరి 12న ఎయిర్‌పోర్టుని రోజంతా మూసేశారు. ప్లిమత్‌లో 2024 ఫిబ్రవరిలో ఒక ఇంటి పెరట్లో దొరికిన 500 కిలోల బాంబుని వేలమందిని ఖాళీ చేయించి, సైనిక వాహనంలో వీధుల గుండా మెల్లగా తీసుకెళ్లి సముద్రంలోకి చేర్చారు. హాంకాంగ్, సింగపూర్‌లలో కూడా నిర్మాణ పనుల్లో బయటపడుతూనే ఉన్నాయి.

జపాన్‌లోని మియాజాకిలో 2024 అక్టోబర్ 2న ఎవరూ తవ్వకుండానే విమానాశ్రయం టాక్సీవే కింద అమెరికన్ బాంబు పేలింది. ఏడు మీటర్ల గొయ్యి పడింది. అంతకు రెండు నిమిషాల ముందే ఒక విమానం ఆ దారిలో వెళ్లింది. 80కి పైగా విమానాలు రద్దయ్యాయి. యుద్ధకాలంలో అది నౌకాదళ స్థావరం. ఆత్మాహుతి విమానాలు అక్కడి నుంచే ఎగిరేవి.

అన్నిటికంటే ఘోరమైన పరిస్థితి లావోస్‌ది. అక్కడ ఆగేది రైళ్లు కాదు, సేద్యం. 1964 నుంచి 1973 వరకు అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న గుండ్లే 27 కోట్లు, పేలకుండా మిగిలినవి 8 కోట్ల దాకా ఉంటాయని అంచనా. బంతిలా ఉండే ఆ గుండుని పిల్లలు చేత్తో తీసుకుంటారు, నాగలికి తగులుతుంది, పొయ్యి కింద వేడికి పేలుతుంది. కొలోన్‌లో వేలమందిని బస్సులెక్కించి జాగ్రత్తగా తప్పించే వ్యవస్థ ఉంది. లావోస్ రైతుకి అది లేదు. ఈ విషయం మీద ప్రపంచం సిగ్గుపడాల్సినంత సిగ్గుపడటం లేదు.

మన దగ్గర కూడా ఉన్నాయా?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం ఇళ్లకి తాళాలు వేసి చుట్టుపక్కల పల్లెలకి వెళ్లిపోయారు. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలని తీసుకెళ్లి చూపించండి. కోల్‌కతా రేవులో కూడా 2017 చివర్లో పూడిక తీస్తుంటే యుద్ధం నాటి పెద్ద బాంబు బయటపడింది.

ఇంటి దగ్గర అమ్మానాన్నలకి ఏం చెప్పాలి?

టీవీలో చూసి వాళ్లు ఫోన్ చేసేలోపే మీరే చేయండి. "పాత బాంబు, ముందే కనిపెట్టారు, మమ్మల్ని దూరంగా పంపారు, రాత్రికి ఇంటికి వెళ్తాం" అంటే చాలు. ఫొటో తీసి పంపాలని ఆ వృత్తం దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

నడకకి వెళ్లినప్పుడు అనుమానంగా ఏదైనా కనిపిస్తే?

ముట్టుకోవద్దు, కాలితో తన్నొద్దు. చోటు గుర్తుపెట్టుకుని, వెనక్కి నడిచి 110కి ఫోన్ చేయండి. ఇంగ్లీషులో చెప్పినా సరిపోతుంది. అది బాంబు కాదని తేలితే తిడతారేమోనని భయపడక్కర్లేదు.

బాల్టిక్ తీరానికి, ముఖ్యంగా ఉజెడోమ్ దీవికి సరదాగా వెళ్లేవాళ్లకి ఇంకో మాట. అక్కడి ఇసుకలో ఆంబర్ రాళ్లు, అంటే గట్టిపడిపోయిన పాతకాలపు చెట్ల జిగురు ముక్కలు, ఏరుకోవడం అందరికీ ముచ్చట. కానీ యుద్ధంలో వేసిన అగ్ని బాంబుల్లోని తెల్ల భాస్వరం ముక్కలు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి, చూడటానికి అచ్చం ఆంబర్‌లాగే పసుపు రంగులో ఉంటాయి. తడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. జేబులో ఆరాక, ఒంటి వేడికి భగ్గుమని అంటుకుంటాయి. 1,300 డిగ్రీల మంట అది, నీళ్లు పోసి ఆర్పినా ఆరగానే మళ్లీ రాజుకుంటుంది. ఏరుకోవాలనిపిస్తే రేకు డబ్బా తీసుకెళ్లి, అందులో వేసి ఒంటికి దూరంగా పెట్టుకోండి. పిల్లల జేబులు మరోసారి చూడండి.

యుద్ధభూముల్లో దొరికిన గుండ్లు గుర్తుగా తెచ్చుకోవడం అంతకంటే ప్రమాదం. 2022 ఏప్రిల్‌లో గోలన్ కొండల్లో దొరికిన పేలని గుండుని ఒక అమెరికన్ కుటుంబం ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ ఎయిర్‌పోర్టుకి బ్యాగులో తెచ్చి, చెక్-ఇన్ దగ్గర బయటికి తీసి చూపించింది. జనం పరుగులు తీశారు, ఆ హడావుడిలో ఒకాయన గాయపడ్డాడు.